హనుమకొండలో ఆదివారం కరెంట్ అఫైర్స్ బ్యాచ్: సార్ కోసం వెళ్లండి, పుస్తకం మాత్రం కొనకండి

గ్రూప్స్ చదివేవాళ్ల కోసం నయీంనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అంతర్జాతీయ వ్యవహారాలకని విడిగా ఆదివారం బ్యాచ్ నడుపుతున్నారు, ఆరు వారాలు, ఫీజు మూడు వేలు, పుస్తకానికి ఇంకో ఆరు వందలు. సెంటర్ పేరు రాయను, ఎందుకంటే వాళ్లతో నాకు ఒక్క మార్కు గొడవ ఇంకా నడుస్తోంది. అక్టోబర్ ఆఖర్లో చేరాను, పరకాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి మూడో అంతస్తు ఎక్కేసరికి సగం ఓపిక అక్కడే అయిపోయేది, లిఫ్ట్ ఉంది కానీ నేనున్న ఆరు వారాల్లో అది తిరిగింది చూడలేదు.

సార్ మాత్రం సూపర్. జపాన్ మీదే రెండు క్లాసులు, మొత్తం ఐదు గంటలు చెప్పారు. వెనక బెంచీలో ఒక తమ్ముడు లేచి, "సార్, జపాన్ మీద వస్తే ఒక్క బిట్ వస్తది, దానికి ఇన్ని గంటలా?" అని అడిగేశాడు. సార్ నవ్వి, "గెలిచినోళ్ల ముచ్చట పేపర్ల రోజూ ఉంటది, ఓడిన తెల్లారి పార్టీల ఏమైతదో అది చూడాలె, కూసో" అన్నారు.

బోర్డు మీద 119 అని రాసి ఇదేంటని అడిగారు. మన అసెంబ్లీ సీట్లు అని అందరం ఒకేసారి అరిచాం. కాదు, 2009 ఆగస్టు 30 ఎన్నికల్లో 480 సీట్ల దిగువ సభలో ఎల్‌డీపీకి, అంటే లిబరల్ డెమోక్రటిక్ పార్టీకి మిగిలినవి. 1955లో పుట్టిన దగ్గర్నుంచి, 1993లో మొదలై ఏడాది కూడా నిండని ఒక్క విరామం తప్ప, అధికారం వదలని పార్టీ అది. డెమోక్రటిక్ పార్టీకి 308 వచ్చాయి. అప్పటి ప్రధాని, పార్టీ అధ్యక్షుడు తారో అసో అధ్యక్ష పదవి వదులుకుంటానన్నారు, బాగానే ఉంది, కానీ పార్లమెంటులో ప్రధాని ఎన్నిక సెప్టెంబర్ 16న, పార్టీ కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది 28న. అక్కడ ఎంపీలు చీటీ మీద పేరు రాసి వేయాలి, మామూలుగా తమ పార్టీ అధ్యక్షుడి పేరే రాస్తారు. మరి ఎవరి పేరు రాస్తారు? మమ్మల్ని ముంచినాయన పేరు మళ్లీ రాయమంటారా అని కొందరు, ఖాళీ చీటీ వేద్దామని ఇంకొందరు, ఓడిన బాధకంటే ఇదే పెద్ద లొల్లి అయింది. చివరికి ఎలాగూ ప్రధాని అయ్యేది లేని మసతోషి వకబయాషి అనే సీనియర్ పేరు రాశారు, 119 ఓట్లు పడ్డాయి. పెళ్లికొడుకు దొరక్క ఫొటో కోసం మేనమామను నిలబెట్టినట్టు. ఆ తర్వాత వచ్చిన సదాకాజు తనిగాకి మూడేళ్లు ప్రతిపక్షంలో పార్టీని మోసి, 2012లో సరిగ్గా గెలిచే ముందు అధ్యక్ష పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, డిసెంబర్‌లో ప్రధాని కుర్చీ షింజో అబేకి దక్కింది. ఈ ముక్క చెప్పి సార్ కాసేపు ఊరుకున్నారు, ఎందుకో ఆ మనిషి మీద నాకు జాలేసింది.

రెండో క్లాసు ఇప్పటి సంగతి. 2024 అక్టోబర్‌లో ఎల్‌డీపీకి 191, దోస్తు పార్టీ కొమెయితోకి 24, కలిపి 215, కావాల్సింది 233. పార్టీ ముఠాల విరాళాల డబ్బు లెక్కల్లో చూపని కుంభకోణం దెబ్బ అది. ప్రధాని షిగెరు ఇషిబా మైనారిటీ ప్రభుత్వంతోనే నెట్టుకొచ్చారు, ఈలోగా బియ్యం ధర ఏడాదిలో రెట్టింపయింది, అప్పుడే వ్యవసాయ మంత్రి తకు ఎతో నేనెప్పుడూ బియ్యం కొనలేదు, అభిమానులే ఇస్తారు అన్నట్టు మాట్లాడి మేలో పదవి పోగొట్టుకున్నారు. మా క్లాసులో సగం మంది ఏనుమాముల మార్కెట్లో బస్తాల పక్కన రాత్రి పడుకున్న ఇళ్లవాళ్లే, ఈ బిట్ ఇక ఎవరూ మర్చిపోరు.

2025 జూలై 20 ఎగువ సభ ఎన్నికలకు సార్ ఇచ్చిన గుర్తు ఇంకా బాగుంది: ఎల్‌డీపీ 39, కొమెయితో 8. మన 2023 అసెంబ్లీ ఫలితం తీయండి, బీఆర్ఎస్ 39, బీజేపీ 8. వాటికీ వీటికీ ఏ సంబంధమూ లేదు, అంకెలు కలిశాయంతే, కానీ పరీక్షలో చేతికి అవే వస్తాయి. కావాల్సినవి 50, వచ్చినవి 47. అధ్యక్ష ఎన్నిక ముందుకు జరపాలా అని పార్టీ తేల్చాల్సిన రోజుకు సరిగ్గా ఒక్కరోజు ముందు, సెప్టెంబర్ 7న, ఇషిబా తప్పుకుంటానన్నారు. అక్టోబర్ 4న సనాయే తకాయిచి అధ్యక్షురాలయ్యారు, ఆరు రోజులకే కొమెయితో 26 ఏళ్ల పొత్తు తెంచుకుంది, ఎల్‌డీపీ ఇషిన్ అనే ఇంకో పార్టీని పట్టుకుంది, 21న ఆమె జపాన్ తొలి మహిళా ప్రధాని. ఓడింది ఇషిబా హయాంలో, పొత్తు తెగింది ఈమె చేతిలో, కుర్చీ మాత్రం పార్టీలోనే ఉంది. ఇదంతా సార్ కాగితం ముక్క లేకుండా చెప్పారు.

ఇక పుస్తకం. అట్ట మీద "తాజా ఎడిషన్" అని ఎర్రక్షరాలు, లోపల జపాన్ ప్రధాని ఇంకా ఇషిబాకి ముందున్న కిషిదానే. కొమెయితోతో పొత్తు "1999 నుంచి నిరంతరాయంగా కొనసాగుతోంది" అట. స్పైరల్ కూడా రెండో వారానికే ఊడి వచ్చింది. అది కూడా సర్దుకుపోయేదాన్నే, కానీ ఆఖరి ఆదివారం టెస్టులో ఎల్‌డీపీ ప్రస్తుత భాగస్వామి ఎవరని అడిగితే నేను ఇషిన్ అని పెట్టాను, కీలో కొమెయితో. కౌంటర్ దగ్గర అడిగితే మేడం పుస్తకం తెరిచి, "ఇగో, ఇందుల ఇట్లనే ఉంది కదమ్మా" అన్నారు. సార్‌కి చెప్తే ఆయనే తల పట్టుకున్నారు, పుస్తకం తాను రాసింది కాదట, మేనేజ్‌మెంట్ వేయించిందట.

సార్‌కి 5కి 5, పుస్తకానికి 1, అదీ మధ్యలో తెల్ల పేజీలు ఉన్నందుకు, నోట్స్ రాసుకోవచ్చు. చేరేటప్పుడు పుస్తకం వద్దు, ఫీజు ఒక్కటే కడతా అని గట్టిగా చెప్పండి, మొదట కుదరదంటారు, రెండోసారి అడిగితే ఒప్పుకుంటారు, మా పక్క బెంచీ అమ్మాయి అలాగే చేరింది. కిటికీ వైపు కూర్చోండి, లోపల ఫ్యాన్ గాలి రాదు. నా మార్కు ఇంకా కలపలేదు.