పాత కట్టెల పొయ్యికి పొగగొట్టం: ఆరేళ్లు వాడాక

కల్వకుర్తి దగ్గర మా ఊళ్లో అత్తగారి ఇల్లు 2019 ఎండాకాలంలో బాగు చేయించాం. బెంగుళూరు పెంకలు తీసి స్లాబ్ వేశాం, కింద తాండూరు నాపరాయి పరిచాం. వంటింటి మూలనున్న కట్టెల పొయ్యి దగ్గరికి వచ్చేసరికి పని ఆగింది. పీకేసి గ్రానైట్ గట్టు పొడిగిద్దామని మా ఆయన. “పొయ్యి తీసేస్తే నీళ్లు యాడ కాగవెట్టాలె బిడ్డా? రొట్టెలు యాడ చెయ్యాలె?” అని అత్తమ్మ.

ఆ ఇంట్లో గ్యాస్ లేక కాదు. 1999లో దీపం పథకం వచ్చిన కొత్తలోనే కనెక్షన్ తీసుకున్నారు. అయినా చలికాలం స్నానాలకు కాగు, జొన్నరొట్టెలు, చుట్టాలొస్తే మాంసం కూర, అన్నీ ఆ పొయ్యి మీదే. గొట్టంతో ఊదీ ఊదీ ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. పొయ్యి ఉండాలి, పొగ పోవాలి అని నేను పట్టుబట్టాను.

మొదట కట్టింది మూడు నెలలు కూడా నిలవలేదు. చూడ్డానికి మాత్రం ఎంత బాగుండేదో! సిమెంటుతో కట్టి, చుట్టూ తెల్ల టైల్స్ అతికించి, 4 అంగుళాల గొట్టాన్ని రెండు ఎల్బోలతో పక్కగోడలోంచి సజ్జ కిందికి తీశారు. రెండో వారంలో అత్తమ్మ రొట్టె కొడుతుంటే ఒక టైల్ టప్పుమని పగిలి ఆమె మోకాలి పక్కన పడింది. సిమెంటు గట్టిపడేదే లోపల పట్టుకున్న నీటితో. నిప్పు సెగకు ఆ నీరు పోయి పొడిపొడిగా రాలుతుంది. పొగ సంగతీ అంతే. గొట్టం సన్నం, వంపు వంపుకీ పొగ వేగం తగ్గింది, మూతి సజ్జ కింద ఉండటంతో గాలి కొట్టినప్పుడల్లా వెనక్కి తన్నింది.

రెండోసారి నేనే నలుగురిని అడిగి తెలుసుకుని దగ్గరుండి కట్టించాను. లోపల సెగకు తట్టుకునే ఇటుకలు (ఫైర్ బ్రిక్స్), వాటి మధ్య అలాంటిదే మట్టి (ఫైర్ క్లే), అడుగున పోత ఇనుము జాలీ. జాలీ కింద నుంచి గాలి ఆడుతుంది, బూడిద కిందికి రాలుతుంది, ఊదే పనే ఉండదు. 6 అంగుళాల గొట్టాన్ని ఒక్క వంపు లేకుండా స్లాబ్‌లోంచి నిటారుగా, పిట్టగోడ కంటే 2 అడుగులు పైకి తీసి, వానకు రేకు టోపీ పెట్టించాం. 1980ల్లో ప్రభుత్వం కట్టించిన పొగ రాని పొయ్యిలకు వాడినట్టు సిమెంటు రేకు గొట్టం చవకలో వస్తుందన్నారు. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినప్పుడు ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ముప్పు. వద్దన్నాను.

పైపూత మాత్రం అత్తమ్మదే. పుట్టమన్ను, ఊక, పేడ కలిపి రెండు రోజులు నానబెట్టింది. గుప్పెడు తీసి బొటనవేలితో నొక్కి, అచ్చు చెదరకుండా నిలిచాకే మెత్తింది. అది ఇప్పటికీ పగుళ్లివ్వలేదు. ఏటా సంక్రాంతికి అలుకుతుందంతే. ఈ రెండోసారికి ఖర్చు 11,500.

ఇక వాడకం. మోపు కట్టెలు ఇదివరకు నాలుగు రోజులొచ్చేవి, ఇప్పుడు ఆరు రోజులొస్తున్నాయి. కంది కట్టె, సర్కారు తుమ్మ బాగా మండుతాయి. పత్తికట్టె భగ్గుమని ఆరిపోతుంది, మాటిమాటికీ ఎగదోయాలి. చలికాలం పొద్దున గొట్టం చల్లగా ఉంటే అంటించగానే పొగ లోపలికే వస్తుంది. అప్పుడు ముందుగా ఎండు కొబ్బరి పీచు గొట్టం మొదట్లో వెలిగిస్తాను. గొట్టం వేడెక్కి లాగడం మొదలయ్యాకే కట్టెలు పెడతాను.

గొట్టం ఉంది కదా అని కిటికీ మాత్రం మూయకండి. మంటకు కావాల్సిన గాలి గదిలోంచే పోవాలి. తలుపులన్నీ మూసి నిప్పులు ఉన్న గదిలో పడుకుంటే కంటికి కనపడని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఈ మాట మా పిల్లలకూ నూరిపోశాను.

లోపాలూ ఉన్నాయి. 2022 వానాకాలంలో తడి తుమ్మ మొద్దులు కాల్చాం. గొట్టం అతుకులోంచి నల్లటి జిగట కారి సున్నపు గోడ మీద జానెడు చార పడింది, ఎంత గీకినా పోలేదు. అప్పటినుంచి దసరా ముందొకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి తాడుకు గోనెసంచి మూట కట్టి పైనుంచి లాగి మసి దులుపుతున్నాం. పొయ్యి నోటికి ఆనుకుని వేసిన నాపరాయి సెగకు పెచ్చులూడింది, జానెడు దూరం వదలాల్సింది. జింకు పూత గొట్టం అడుగు భాగం అయిదో ఏట తుప్పు పట్టి చిల్లు పడింది. అంత వేడి తగిలేచోట జింకు పూత పెట్టనేకూడదని తర్వాత తెలిసింది. కింది 3 అడుగులు మందపాటి మామూలు ఇనుముతో మార్చి, పిల్లల చేతులు కాలకుండా చుట్టూ జల్లెడ కట్టించాం. ఏప్రిల్, మే నెలల్లో ఆ వేడికి వంటింట్లో నిలబడలేం, అప్పుడు గ్యాసే.

అయినా మళ్లీ కట్టించుకోమంటే ఇదే కట్టించుకుంటాను. అత్తమ్మ ఇప్పుడు కొంగుతో కళ్లు తుడుచుకోకుండా పది రొట్టెలు వరసగా కాలుస్తుంది. రేకు టోపీ సన్నబడింది, ఈ సంక్రాంతిలోపు మార్చాలి.