కొండే లేని సీమలో టన్నెల్ కావాలన్న పిల్లలు

కిందటేడు అరకు రైల్లో తీసుకెళ్ళాక మా పిల్లలకి టన్నెళ్ళ పిచ్చి పట్టుకుంది. దానికి తోడు ఫోన్లో ఎవరో పాడుబడిన రైలు టన్నెల్లో టార్చిలైటు వేసుకుని తిరిగే వీడియో చూశారు, ఇంక చూస్కోండి, పొద్దున్న లేస్తే అదే గోల, నాన్నా మనూళ్ళో పాత టన్నెల్ ఎక్కడుంది అని. ఒరే, మనది అమలాపురం రా, ఇక్కడ ఎత్తంటే కాలవగట్టే, తవ్వడానికి కొండేదీ, గోదారి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి తప్ప అంటే వింటారా! మనకి టన్నెల్ లేదు గానీ పాడుబడిన రైలు దారులు మాత్రం రెండు చోట్ల ఉన్నాయి, అవి చూపిస్తాను అని బేరం కుదుర్చుకున్నా. ఫిబ్రవరిలో రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయి. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ బుడ్డోడు, మా చెల్లి కొడుకు, వెరసి అయిదుగురం బయల్దేరాం.

మొదటిది కోటిపల్లి. ముక్తేశ్వరం రేవులో కారుని పంటు ఎక్కించాం. పిల్లలకి ఆ రోజుకి అదే హైలైట్, కారు పడవెక్కడం ఏంటి మామయ్యా అని మా మేనల్లుడు నోరు తెరుచుకుని ఉండిపోయాడు (వాడు హైదరాబాద్ పిల్లోడు లెండి). మధ్యలోకి వెళ్ళాక నదిలో నిలబడ్డ రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి, కోటిపల్లి నర్సాపురం లైనుకి కట్టినవి. ఆ లైను మంజూరై పాతికేళ్ళు అవుతోంది, మా ఊళ్ళో ప్రతి ఎలక్షన్‌కీ రైలు వచ్చేస్తూ ఉంటుంది.

కోటిపల్లి స్టేషన్ దగ్గర మాత్రం నాకే మనసు కొంచెం బరువెక్కింది. కాకినాడ నుంచి ఇక్కడికి 45 కిలోమీటర్లు, 1928లో తెల్లవాళ్ళు వేశారు, 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పట్టుదల వల్ల పనులు మొదలై 2004లో రైలు తిరిగింది, అదీ ఒక్క బోగీ రైలుబస్సు. నేను కాలేజీ రోజుల్లో ఎక్కాను, గేటు వస్తే బండి ఆపి, అందులో వచ్చినాయనే దిగి గేటు వేసి, బండి దాటాక మళ్ళీ తీసి ఎక్కేవాడు. ఇది చెప్తే పిల్లలు నమ్మలేదు. మేము వెళ్ళిన రోజు ఏ బండీ రాలేదు, పట్టాల మధ్య మోకాలెత్తు గడ్డి, ప్లాట్‌ఫారం మీద మేకలు. బుడ్డోడు గడ్డిలోకి దిగబోతే అక్కడ కూర్చున్న తాతగారు కేకేశారు, బాబూ పాములుంటాయి, పిల్లోణ్ణి పైకి రమ్మను అని. పిల్లలతో వెళ్ళేవాళ్ళు బూట్లు వేయించండి, మేము చెప్పులతో వెళ్ళి తప్పు చేశాం. అరగంట చాలు ఇక్కడికి. పక్కనే సోమేశ్వరస్వామి గుడి, ఆ పైన ద్రాక్షారామం ఎలాగూ దారిలోదే కాబట్టి ఆవిడ పని కూడా అయిపోయింది. తాపేశ్వరంలో మడతకాజా కోసం ఆగాం, అది చెప్పక్కర్లేదు కదా.

సాయంత్రానికి రాజమండ్రి. రూమ్ విషయంలో దెబ్బతిన్నాను. ఫోన్లో బుక్ చేస్తే రివర్ వ్యూ అన్నారు, తీరా చూస్తే కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ, గోడకి ఏసీ డబ్బా, దాన్నుంచి కారే నీళ్ళు, రివర్ అంటే అదేనేమో! కిందకెళ్ళి అడిగితే టెర్రస్ మీంచి కనిపిస్తుంది సార్ అన్నాడు. పైగా అయిదుగురికి ఎక్స్‌ట్రా పరుపు అని ముందు చెప్పని 600 వేశారు, వేడినీళ్ళు పొద్దున్న ఎనిమిదిన్నరకి గానీ రాలేదు. గది మటుకు శుభ్రంగా ఉంది, లిఫ్ట్ కుర్రాడు చాలా మర్యాదస్తుడు, అది ఒప్పుకోవాలి. ఈసారి అయితే ఘాట్ దగ్గర రూములు వదిలేసి కొంచెం లోపలికి తీసుకుంటా, ఆటోలో ఎంత దూరం గనక.

ఇంక అసలు సంగతి, పాత బ్రిడ్జి. హేవ్‌లాక్ బ్రిడ్జి అని అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు, 1897లో పని మొదలెట్టి 1900లో రైళ్ళు వదిలారు. అంతకుముందు రైలు ఒడ్డున ఆగిపోతే జనం గోదారి దాటి అవతల ఒడ్డున మళ్ళీ ఎక్కాల్సిందే. పని మొదలెట్టిన నూరేళ్ళకి, 1997లో దాన్ని పక్కన పెట్టేశారు. పైకి ఎక్కుదామని పిల్లలు గొడవ, నేను ససేమిరా అన్నా, దారి మూసేసి ఉంది, మూయకపోయినా తుప్పు పట్టిన ఇనుము మీదకి పిల్లల్ని ఎక్కించే ధైర్యం నాకు లేదు. అందుకని ఘాట్లో బోటు మాట్లాడుకున్నాం. మొదటివాడు లైఫ్ జాకెట్లు చిన్న సైజులో లేవు, పర్లేదు ఎక్కండి అన్నాడు. 2019లో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి ఏమైందో చూసినవాళ్ళం, పర్లేదంటే ఎలా? వదిలేసి ముప్పావుగంట వెతికితే రెండోవాడి దగ్గర పిల్లల సైజు దొరికాయి, రెండొందలు ఎక్కువ అడిగాడు, మారుమాట్లాడకుండా ఇచ్చాను.

బ్రిడ్జి కిందకి వెళ్ళాక ఇంజిన్ ఆపమన్నా. చల్లగా ఉంది, రాతి స్తంభాలకి నీళ్ళు తగిలే చప్పుడు, పైన పావురాలు. పిల్లలు ఓ అని అరిచారు, ఎంత అరిచినా గోదారి మింగేసింది, టన్నెల్లోలా తిరిగి రాదు కదా. అంతలో పక్కనున్న ఆర్చి బ్రిడ్జి మీద గూడ్సు వచ్చింది, ఎంతసేపు వెళ్ళిందో, ఛాతీలో దడదడలాడింది మాకు. బోటతను ఓ మాట చెప్పాడు, పాతదానికి స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య జాగాలు) 56, ఆర్చి బ్రిడ్జికి 28, సరిగ్గా సగం చూస్కోండి అని. అంతే, మా అమ్మాయి వేలు పెట్టి లెక్కెట్టడం మొదలెట్టింది, నలభై దగ్గర తప్పడం, మళ్ళీ మొదటికి రావడం, ఒడ్డుకి వచ్చాక మెట్ల మీద కూర్చుని కూడా అదే పని. టన్నెల్ మాట ఆ పూట ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం ధవళేశ్వరంలో కాటన్ దొర మ్యూజియం చూశాం. ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేశాడాయన, ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ తర్వాతది. నాకు బాగా నచ్చింది, పిల్లలకి పది నిమిషాలకే బోరు కొట్టింది, ఎండలో తీసుకెళ్ళడం నా పొరపాటు, పొద్దున్నే అయితే వేరేగా ఉండేదేమో. రోజ్ మిల్క్ తాగించి ఊరుకోబెట్టాం.

వచ్చేటప్పుడు కూడా పంటు మీదే వెళ్దామని బుడ్డోడు ఏడుపు, చీకటి పడిపోయింది, రావులపాలెం మీదుగా వచ్చేశాం. మీరు వెళ్తే ఇదే ఆర్డరు గానీ తిరగేసుకోండి, రాజమండ్రి ముందు, కోటిపల్లి రేవు ఆఖర్న, సాయంత్రం ఆఖరి పంటు ఎన్నింటికో ఎదురుపడ్డవాళ్ళని ముందే అడిగి పెట్టుకుంటే మా ఇంట్లో జరిగిన ఏడుపు మీ ఇంట్లో జరగదు.