ఆరేళ్లుగా మాంగనీసు స్ఫటికాలు చూసిన మా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు

విజయనగరంలోని మా ల్యాబ్‌లో టంగ్‌స్టన్ ఫిలమెంట్‌తో (ఎలక్ట్రాన్లను వెదజల్లే సన్నని తీగ) పనిచేసే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును ఆరేళ్లుగా వాడుతున్నాను. ఎక్కువగా చూసేది చీపురుపల్లి, గరివిడి వైపు నుంచి వచ్చే మాంగనీసు రాయినే. వేడికి స్ఫటికం పైభాగం ఎలా మారుతుందో దీంతో తెలుస్తుందా అని ఎం.ఎస్సీ. పిల్లలు అడుగుతుంటారు. తెలుస్తుంది. నాకైతే ఈ మిషన్ మీద చాలా ఇష్టం.

లోపలే వేడిచేసే స్టేజి మాకు లేదు. అందుకని స్టబ్ (నమూనా పెట్టే చిన్న బిళ్ల) మీద బ్లేడుతో గీత గీసి, దాని పక్కనున్న పైరోలుసైట్ (మాంగనీసు ఆక్సైడ్ ఖనిజం) స్ఫటికాన్ని ముందు ఫొటో తీస్తాం. తర్వాత ఫర్నేసులో గాలి తగిలేలా 600 డిగ్రీల దగ్గర ఉంచి, మళ్లీ ఆ గీత పట్టుకుని అదే స్ఫటికాన్ని వెతుకుతాం. పైరోలుసైట్ కరెంటును బాగానే పోనిస్తుంది కాబట్టి బంగారు పూత అక్కర్లేదు. పక్కనున్న క్వార్ట్జ్ మాత్రం చార్జ్ పట్టి తెల్లగా మెరిసి విసిగిస్తుంది. వేడికి పైరోలుసైట్‌లోని కొంత ఆక్సిజన్ బయటికి పోయాక నున్నటి ముఖం నిండా సన్నని బీటలు, రంధ్రాలు కనిపిస్తాయి. రాయి తెచ్చిన మేస్త్రి ఒకసారి తెర చూసి "ఎండిన చెరువులా ఉంది బాబూ" అన్నాడు. నాకూ అంతకంటే మంచి మాట దొరకలేదు.

జాగ్రత్త పడాల్సింది నల్ల చతురస్రం దగ్గర. ఒకేచోట ఎక్కువసేపు స్కాన్ చేస్తే అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. మొదటి ఏడాది నేను దాన్నే రసాయన చర్య అనుకుని రిపోర్టులో రాశాను. మైక్రోస్కోపు లోపల మిగిలిన నూనె ఆవిరి, నమూనా మీది మురికి ఎలక్ట్రాన్ల దెబ్బకు విడిపోయి కార్బన్‌గా పేరుకుంటాయని తర్వాత తెలిసింది. ఆ రిపోర్టు తిరిగి రాయాల్సి వచ్చినందుకు చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఎలక్ట్రాన్ బీమ్ అసలు తగలని స్ఫటికాన్ని కూడా చూడకుండా ఏ మార్పునూ నమ్మను.

ఈడీఎస్ (నమూనా నుంచి వచ్చే ఎక్స్‌రేలను బట్టి ఏ మూలకం ఎంతుందో చెప్పే పరికరం) చెప్పే ఆక్సిజన్ శాతాన్ని కూడా నమ్ముకోకండి. మాంగనీసు తక్కువ శక్తి ఎక్స్‌రే గీత ఆక్సిజన్ ఎక్స్‌రే గీతకు మరీ దగ్గర, రెండూ కలిసిపోతాయి. ఏ ఆక్సైడ్ మిగిలిందో తేల్చడానికి మేము స్ఫటిక నిర్మాణాన్ని బట్టి పదార్థాన్ని గుర్తించే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌ పరీక్షకే పంపుతాం.

ఫిలమెంట్లు మాత్రం నాలుగు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ లేకపోతే ఫిలమెంటుతో పాటు మన ప్రాణం కూడా పోతుంది. వానాకాలంలో రాయి చెమ్మ పీల్చుకుంటే మైక్రోస్కోపు లోపల వాక్యూమ్ (గాలి తీసేసిన స్థితి) ఎంతకీ రాదు. ముందు రోజు రాత్రే ఓవెన్‌లో పెట్టి ఆరనివ్వండి.