ఆదోని ఆయిల్ మిల్లులో వైర్‌లెస్ టెంపరేచర్ సెన్సర్లు: బిగించిన పని మీద నా రివ్యూ

మా మిల్లులో వైర్‌లెస్ టెంపరేచర్ సెన్సర్లు పెట్టించి ఒక పత్తి సీజన్ దాటింది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు జిన్నింగు, ఆయిల్ మిల్లుల్లో పనిచేసే తెలిసినవాళ్లు ఫోన్ చేసి "ఎట్లున్నాయి, మేమూ పెట్టించొచ్చా" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. నేను మిల్లులో ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్ పనులు చూసే సూపర్‌వైజర్‌ని. ఈ రివ్యూలో సెన్సరు గురించి తక్కువ, దాన్ని బిగించిన మనుషుల పని గురించి ఎక్కువ ఉంటుంది. టెంపరేచర్ చూపించడం వరకైతే మార్కెట్లో దొరికే సరుకు చాలావరకు బాగానే చూపిస్తుంది. ఎక్కడ పెట్టారు, ఏ పర్మిట్‌తో పెట్టారు, ఏ పనిముట్టు వాడారు అన్న దగ్గరే మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

మాది పత్తిగింజల మిల్లు. గోడౌను, గింజలను బకెట్లతో పైకి ఎత్తే ఎలివేటర్లు, నూనె పిండే ఎక్స్‌పెల్లర్లు, వాటి వెనక, పిండాక వచ్చే చెక్కలో మిగిలిన నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు ఉన్నాయి. ఆ ప్లాంటులో వాడేది హెక్సేన్. సుమారు 69 డిగ్రీలకే మరుగుతుంది, దాని ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పుకు అంటుకునేంత ఆవిరి వదిలే కనీస వేడి, సున్నాకు 20 డిగ్రీలకు పైగా కిందనే ఉంటుంది. గాలిలో 1.1 శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. దాని ఆవిరి గాలి కంటే దాదాపు మూడు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీదుగా పారి గుంతల్లో, కేబుల్ ట్రెంచ్‌లలో నిలుస్తుంది. పెట్రోలియం రూల్స్ ప్రకారం ఇది క్లాస్ ఏ, అంటే అన్నిటికంటే తేలిగ్గా అంటుకునే తరగతి. అలాంటి చోట కేబుల్ లాగాలంటే ఫ్లేమ్‌ప్రూఫ్ బాక్సులు, గ్లాండ్లు, ట్రేలు, వాటికోసం గోడలకు రంధ్రాలు, ఇదంతా పెద్ద పని. అందుకే మేము వైర్‌లెస్ వైపు చూశాం.

మొదట ఒక సప్లయర్ మనిషి వచ్చాడు. సంచిలో డ్రిల్లింగ్ మెషిన్, చేతిలో సెల్‌ఫోన్. "సెన్సర్ మీద ఎక్స్ గుర్తు ఉంది సార్, ఎక్కడైనా పెట్టేయొచ్చు, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది" అన్నాడు. గేటు దగ్గర నుంచే పంపించేశాం. ఎక్స్ (Ex) అంటే మండే ఆవిరి ఉండే చోట వాడొచ్చని పరీక్షించిన సరుకుకు వేసే గుర్తు. సెన్సర్‌కు ఆ గుర్తు ఉంటే ఆ సెన్సర్ ఒక్కటే సురక్షితం. దాన్ని బిగించే డ్రిల్‌కూ, మనిషి జేబులోని ఫోన్‌కూ ఆ గుర్తు లేదు.

తర్వాత కర్నూలు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఈ రివ్యూ వాళ్ల పని గురించే. వచ్చినరోజు పెట్టె విప్పలేదు. "అన్నా, ఏరియా క్లాసిఫికేషన్ డ్రాయింగ్ ఉంటే సూపించండి. ఏ జోన్ యాడుందో తెలియకుండా మేము సామాను తీయం" అన్నారు. మండే ఆవిరి ఎక్కడ ఎంతగా ఉంటుందో చూపే పటమే అది. ఆవిరి ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0, మామూలు పనిలో అప్పుడప్పుడు వచ్చే చోటు జోన్ 1, ఏదైనా తేడా జరిగితేనే వచ్చే చోటు జోన్ 2. డ్రాయింగ్ పట్టుకుని ప్లాంటంతా తిరిగి, ప్రతి పాయింట్‌కూ ఏ జోన్‌లో పడుతుందో పెన్సిల్‌తో రాసుకున్నారు. మేము అడిగిన చోట్లలో కొన్నింటిని "ఇక్కడ వద్దన్నా, ఈ రీడింగ్ బయట నుంచే తీసుకోవచ్చు" అని వాళ్లే కొట్టేశారు. సామాను తక్కువ అమ్ముడుపోతుందని తెలిసీ కొట్టేయడం నాకు నచ్చింది.

సర్టిఫికెట్ చదివిన తీరు కూడా చెప్పాలి. సాల్వెంట్ ప్లాంటులోకి వెళ్లే సెన్సర్ మీద ఎక్స్ ఐఏ, ఐఐసీ, టీ4 అని ఉంది. ఐఏ అంటే లోపల తేడా వచ్చినా ఆవిరిని అంటించేంత శక్తి ఉండని సర్క్యూట్. ఐఐసీ అంటే ఏ గ్యాసుల గుంపుకు పనికొస్తుందో చెప్పేది. టీ4 అంటే దాని ఒళ్లు 135 డిగ్రీలు దాటదు. హెక్సేన్‌కు టీ3, అంటే 200 డిగ్రీల హద్దు సరిపోతుంది కాబట్టి టీ4 ఇంకా మేలు. పేలుడు, మండే పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో ఇచ్చే అప్రూవల్ కాగితం కూడా చూపించారు. ఇంతవరకు ఎవరైనా చూపిస్తారు. వాళ్లలో ఒక కుర్రాడు సర్టిఫికెట్ నంబరు చివర విడిగా ఉన్న ఎక్స్ (X) అక్షరం మీద వేలు పెట్టి, "ఇది ఉందంటే ప్రత్యేక షరతులు ఉన్నట్టన్నా, కింద చదవాల" అన్నాడు. షరతు ఏమిటంటే, ప్లాస్టిక్ డబ్బా కనుక పొడిగుడ్డతో తుడిస్తే స్టాటిక్ చార్జి పుడుతుంది, తడిగుడ్డతోనే తుడవాలి. మా హౌస్‌కీపింగ్ వాళ్లు ప్రతి శనివారం పొడిగుడ్డతో అన్నీ మెరిసేలా తుడుస్తారు. ఆ షరతును తెలుగులో రాసి లామినేట్ చేయించి ప్లాంటు గుమ్మం దగ్గర పెట్టించాం. మీరు ఎవరి దగ్గర కొన్నా ఆ నంబరు చివర అక్షరం చూడండి.

రెండో చిక్కు సెల్‌ఫోన్. ఇప్పటి సెన్సర్లు చాలావరకు ఫోన్ యాప్‌తో, బ్లూటూత్ మీద సెట్ చేసేవే. సాల్వెంట్ ప్లాంటులోకి మామూలు ఫోన్ తీసుకుపోకూడదు. మరి ఎట్లా? వీళ్లు అన్నింటినీ నా ఆఫీసు బల్ల మీదే సెట్ చేశారు. ఏ సెన్సర్ ఏ పాయింట్‌దో ట్యాగ్ రాసి కట్టి, అన్ని సెన్సర్ల రీడింగులు అందుకునే గేట్‌వే పెట్టెకు సిగ్నల్ అందుతుందని చూసి, ఫోన్లు గేటు దగ్గర డ్రాయర్‌లో పెట్టి, ఇత్తడి స్పానర్లతో లోపలికి వెళ్లారు. అది కూడా వార్షిక షట్‌డౌన్‌లో, సాల్వెంట్ ఖాళీ చేసి, స్టీమ్ పట్టి, గ్యాస్ మీటరులో ఎల్‌ఈఎల్ (అంటుకోవడానికి కావాల్సిన కనీస ఆవిరిలో ఎన్నో వంతు ఉందో చూపే శాతం) సున్నా చూశాకే. మా పాత ఆపరేటర్ విసుక్కుని "ఏంటికప్పా ఇంత తతంగం, రెండు బోల్టులే కదా" అన్నాడు. "బోల్టులు రెండే పెద్దాయనా, ట్రెంచ్‌లో ఏముందో మన కంటికి కనపడదు కదా" అని ఆ పిల్లాడు నెమ్మదిగా చెప్పాడు. ఆయన ఆ తర్వాత వాళ్ల పక్కనే నిలబడి గ్యాస్ మీటరు పట్టుకున్నాడు.

లోపల ఒక్క వెల్డింగ్ చుక్క పెట్టలేదు, ఒక్క రంధ్రం కొట్టలేదు. చెక్కలోని హెక్సేన్ ఆవిరి తీసే డీటీ అనే యంత్రానికి పాత డయల్ థర్మామీటర్లు దించిన థర్మోవెల్‌లు, అంటే లోపలికి మూసి ఉన్న గొట్టాలు, ఉన్నాయి. వాటిలోనే వేడిని బట్టి ఓములు మారే పీటీ-100 ప్రోబ్ దింపి, సందులో హీట్ పేస్టు నింపారు. ట్రాన్స్‌మిటర్ డబ్బాను డీటీ ఒంటికి తగిలించలేదు. లోపలి లిథియం థయోనైల్ క్లోరైడ్ బ్యాటరీ సాధారణంగా 85 డిగ్రీల వరకే పనికొస్తుంది. డీటీ స్టీమ్ జాకెట్ దానికంటే వేడి. అందుకని కాస్త దూరంగా రెయిలింగ్‌కు క్లాంపు వేసి, ప్రోబ్ వైరును మాత్రం డీటీ దగ్గరికి తెచ్చారు. ఈ బ్యాటరీలు మళ్లీ చార్జి చేసేవి కావు. జోన్ లోపల మూత విప్పి మార్చొచ్చో లేదో సర్టిఫికెట్టే చెబుతుంది. మాది విప్పకూడని రకం, కాబట్టి సెన్సర్‌ను బయటికి తెచ్చి మార్చాలి.

బిగించే ముందు రీడింగ్ నిజమా కాదా అని చూడటం చాలామంది వదిలేస్తారు. వీళ్లు ఫ్లాస్కులో దంచిన మంచు, కాసిని నీళ్లు పోసి ప్రతి ప్రోబ్‌నూ ముంచారు. సున్నా డిగ్రీల దగ్గర పీటీ-100 సరిగ్గా 100 ఓములు చూపాలి. మరుగుతున్న నీళ్లలో కూడా చూశారు. మా ఊరు సముద్రమట్టానికి 400 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ నీళ్లు 98.5 దగ్గరే మరుగుతాయి. ఆ సంగతి వాళ్లు ముందే లెక్క వేసుకుని వచ్చారు. లేకుంటే బాగున్న ప్రోబ్‌ను తప్పు ప్రోబ్ అని పక్కన పడేసేవాళ్లు. బిగించాక ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో సరిచూసేటప్పుడు స్టీలు పైపు మీద నల్ల టేపు ముక్క అంటించి, దాని మీద గురిపెట్టారు. మెరిసే వేడి స్టీలు మీద గన్ సాధారణంగా తక్కువ చూపిస్తుంది.

ఇక ఎలివేటర్ బేరింగులు. గింజల దుమ్ము, నూగు ఉండే చోట వేడెక్కిన బేరింగు చాలా ప్రమాదం. సప్లయర్ డబ్బాలో సెన్సర్‌తో పాటు అయస్కాంతం ఇస్తాడు, టక్కున అతికించేయడానికి. వీళ్లు ఆ అయస్కాంతాలన్నీ పక్కన పెట్టేశారు. వైబ్రేషన్‌కు ఊడి ఎలివేటర్ అడుగున ఉండే బూట్‌లో పడితే బకెట్‌కు తగిలి నిప్పురవ్వ లేస్తుంది. బేరింగ్ హౌసింగ్ మీద పెయింట్ గీకి, శుభ్రం చేసి, స్టీలు పట్టీతో బిగించి, ఊడినా కింద పడకుండా సన్నని సేఫ్టీ వైరు కట్టారు. పని మొదలుపెట్టే ముందు మోటారుకు కరెంటు తెంచే ఐసొలేటర్ ఆపి ముగ్గురూ మూడు తాళాలు వేశారు. నాదొకటి, వాళ్లవి రెండు. తాళాలు వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూశారు, మోటారు కదలకపోతేనే గార్డు విప్పారు. పని అయ్యాక గార్డు మళ్లీ బిగించి నాకు చూపించాకే తాళాలు తీశారు. గార్డు లేని యంత్రం నడపకూడదని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పేది. చట్టం తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు, గార్డు నాలుగు బోల్టులూ తిరిగి బిగించేవాళ్లు తక్కువ.

అలాంటి ఒక బేరింగే మాకు ఈ పెట్టుబడి విలువ చూపించింది. అలారం ఎంతకు పెట్టాలని అడిగితే, 80 అనో 85 అనో ఒకే అంకె పెట్టొద్దన్నారు. మే నెల మధ్యాహ్నం మన దగ్గర గాలే 42 దాటుతుంది, డిసెంబరు రాత్రి 20కి దిగుతుంది. నీడలో గాలి వేడి చూసే సెన్సర్ ఒకటి వేరుగా పెట్టి, బేరింగు దానికంటే 40 డిగ్రీలు పైకి పోతే అలారం మోగేట్టు పెట్టారు. చలికాలం ఒక రాత్రి షిఫ్టులో మామూలుగా 45 చుట్టూ ఉండే బేరింగు 61కి చేరింది, అలారం మోగింది. ఆపి విప్పితే గ్రీజు ఎండిపోయి, బేరింగ్ కేజ్ అరగడం మొదలైంది. 80 పెట్టుకుని ఉంటే ఆ రాత్రి ఎవరికీ తెలిసేది కాదు.

గోడౌను గురించి కొంచెం. తడి 10 శాతం దాటిన పత్తిగింజలను కుప్ప పోస్తే లోపల తనంతట తానే వేడెక్కుతుంది. నూనెలో ఫ్యాటీ యాసిడ్ పెరుగుతుంది, రంగు చెడుతుంది, మరీ ముదిరితే పొగ లేస్తుంది. కుప్పలోకి ఈటెల్లాంటి పొడుగు ప్రోబ్‌లు దించారు, ట్రాన్స్‌మిటర్లు మాత్రం గోడ మీద పైన పెట్టారు. గింజల కుప్ప లోపల నుంచి రేడియో సిగ్నల్ సరిగా రాదు. ఇక్కడ అసలు ప్రమాదం కుప్ప ఎక్కడంలో ఉంది. నూగు ఉన్న గింజ ఒకదానికొకటి పట్టుకుంటుంది. కింద లోడరు తవ్వుతుంటే పైన కొండచరియలా నిలబడి ఒక్కసారిగా విరిగిపడుతుంది. లోడరు తాళం చెవి తీసి జేబులో పెట్టుకుని, నడుముకు బెల్టు, తాడు కట్టి, కింద ఇంకో మనిషి తాడు పట్టుకుంటేనే పైకెక్కారు. ప్రోబ్ పైన ఎర్రజెండా కట్టడం వాళ్ల సలహానే, లోడరు డ్రైవరుకు దూరం నుంచి కనపడటానికి.

సిగ్నల్ విషయంలో పెద్ద ఇబ్బంది రాలేదు. గేట్‌వేను జోన్ బయట కంట్రోల్ రూములో పెట్టి, యాంటెనా పైకప్పు మీద పెట్టారు. రేడియో మన దేశంలో లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్‌ది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కొన్ని సెట్లు అమెరికాలో వాడే 915ది. అవి కొనకండి. రేడియో తరంగాల వాడకం చూసే కేంద్ర విభాగం డబ్ల్యూపీసీ నుంచి వచ్చే పరికరం అనుమతి, ఈటీఏ కాగితం అడగండి.

ఇక ఫిర్యాదు. బిగించిన పనిలో వంక పెట్టలేను గానీ, వాళ్లు ఇచ్చిన డ్యాష్‌బోర్డు అంత జాగ్రత్తగా చేసింది కాదు. ఒక సెన్సర్ నుంచి సిగ్నల్ ఆగిపోతే, స్క్రీన్ మీద చివరి రీడింగే పచ్చరంగులో అలాగే ఉండిపోయేది. చూసేవాళ్లు అంతా బాగుందనుకుంటారు. అక్కడ యంత్రం కాలిపోతున్నా పచ్చగానే ఉంటుంది. ఇది చిన్న లోపం కాదు. నేను గట్టిగా పట్టుబట్టాక, రెండు రీడింగులు రాకపోతే ఆ గడి బూడిదరంగుకు మారి "డేటా లేదు" అని మోగేట్టు చేశారు. దీనికి చాలా ఫోన్లు చేయాల్సి వచ్చింది. అడగకముందే ఉండాల్సిన పని ఇది. కరెంటు పోయినప్పుడు గేట్‌వే ఆగకుండా యూపీఎస్ కూడా కొటేషన్‌లో రాయలేదు, మేమే పెట్టుకున్నాం.

ఇంకొక మాట ఓనర్లకు. వైర్‌లెస్ వచ్చింది కదా అని డీటీ, బాయిలర్లు మరీ వేడెక్కితే వాటంతట అవే ఆగేట్టు చేసే హైటెంపరేచర్ ట్రిప్‌లకు ఉన్న పాత వైర్లు పీకించకండి. ఈ సెన్సర్ కొన్ని నిమిషాలకొకసారి రీడింగ్ పంపుతుంది, నిఘాకు అది చాలు. యంత్రాన్ని ఆపే ట్రిప్ మాత్రం నేరుగా వైరు మీదే ఉండాలి. ఆ కర్నూలు కుర్రాళ్లు ఈ మాట కొటేషన్ మొదటి పేజీలోనే రాసిచ్చారు.

బిగింపు పనికి ఐదుకు ఐదు, డ్యాష్‌బోర్డుకు మూడు ఇస్తాను. వచ్చే షట్‌డౌన్‌లో ట్రాన్స్‌ఫార్మరు, ప్యానెల్ బస్‌బార్ జాయింట్లకు కూడా వాళ్లనే పిలుస్తున్నాం. ఈసారి "డేటా లేదు" అలారం, యూపీఎస్ రెండూ ఆర్డర్‌లోనే రాయించాను.