లేజర్ బండి, కెమెరా బండి, మా బావమరిది: స్టీరింగ్ ఎవరి చేతికిస్తే మేలు?

నిరుడు వేసవిలో అరిజోనాలోని చాండ్లర్‌లో మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు డ్రైవరు లేని ట్యాక్సీ వేమో ఎక్కాను. ముందు సీట్లో ఎవరూ లేరు, స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది. మొదటి రెండు నిమిషాలు వీడియో తీశాను. మూడో నిమిషానికి భయం పోయింది, ఐదో నిమిషానికి విసుగొచ్చింది. పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడంత బుద్ధిగా నడిచింది బండి. ఆ వీడియో సంగారెడ్డిలో ఉండే మా బావమరిదికి పంపాను. పదిహేనేళ్లుగా క్యాబ్ నడుపుతున్నాడు. వెంటనే ఫోన్ చేశాడు: "మంచిగనే పోతుంది గానీ బావా, మన రోడ్డు మీదికొస్తే ఏమైతది?"

ఈ ప్రశ్నకు మన వాట్సాప్ గ్రూపుల్లో రెండే జవాబులు దొరుకుతాయి. ఐదేళ్లలో డ్రైవరనే వాడే ఉండడని ఒకటి, ఏఐ అంతా ఉత్త హడావుడని ఇంకొకటి. ఆ ఐదేళ్లు ఎప్పుడు మొదలయ్యాయో చూద్దామని వెనక్కి వెళ్తే 1995 దగ్గర ఆగాను. ఆ ఏడాది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పాంటియాక్ వ్యాను తీసుకుని పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియాగో దాకా వెళ్లారు. 2,800 మైళ్లకు పైబడిన ఆ దారిలో 98.2 శాతం దూరం స్టీరింగ్‌ను కంప్యూటరే తిప్పింది. యాక్సిలరేటర్, బ్రేకు మాత్రం మనుషుల కాళ్ల కిందే ఉన్నాయి. ఆ పని జరిగిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ ఎవరనుకున్నారు? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డి గారే.

98 అయిపోయాక మిగిలింది రెండే కదా అనిపిస్తుంది. ఆ రెండు శాతానికే ముప్పై ఏళ్లు పట్టింది, ఇంకా పూర్తి కాలేదు. 2004లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా మొహావీ ఎడారిలో 142 మైళ్ల పందెం పెడితే, అన్నిటికంటే ముందు వెళ్లిన బండి ఏడున్నర మైళ్లయినా దాటకుండానే కూలబడింది. మరుసటి ఏడాది 132 మైళ్ల దారిని ఏడు గంటల లోపే ముగించి స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్టాన్లీ గెలిచింది. అంటే ఈ రంగంలో ఏడాదిలోనే నమ్మలేనంత మార్పు రావచ్చు, ముప్పై ఏళ్లయినా తెగని ముడి ఉండనూ వచ్చు. రెండూ నిజమే కాబట్టి ఎవరు ఏ పక్షాన వాదించినా చేతిలో ఒక ఉదాహరణ ఉంటుంది.

ఇప్పుడు రోడ్డు మీదున్న రెండు దార్ల సంగతికొద్దాం. వేమో అంటే 2009లో గూగుల్లో మొదలై 2016లో విడిగా పేరు పెట్టుకున్న కంపెనీ. దాని జాగ్వార్ కార్లకు 29 కెమెరాలు, 6 రాడార్లు, 5 లైడార్లు ఉంటాయి. లైడార్ పని సులువుగానే అర్థమవుతుంది: లేజర్ కిరణాన్ని వదులుతుంది, అది దేనికైనా తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. చీకటైనా వెలుగైనా దానికి ఒకటే. పైగా బండి తిరగబోయే ఊరిని ముందే గజం గజం కొలిచి పటం గీసుకుంటారు. ఆ గిరి దాటి బండి పోదు. టెస్లా దారి వేరు. ఎనిమిది కెమెరాలు, వాటి వెనక న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాం), అంతే. లైడార్ మీద ఆధారపడటం తెలివితక్కువ పని అని ఎలాన్ మస్క్ 2019లోనే తేల్చేశాడు. ఉన్న రాడార్‌ను కూడా 2021 నుంచి తీసేస్తూ వచ్చారు. మనిషి రెండు కళ్లతోనే నడుపుతున్నాడు కదా, యంత్రానికి ఇంతకన్నా ఎందుకన్నది వాళ్ల వాదన.

వినడానికి బాగుంటుంది. ఖర్చు తక్కువ, ముందుగా పటం గీయాల్సిన పని లేదు, ఏ ఊళ్లో అయినా దింపొచ్చు. కానీ మనిషి కళ్ల వెనక మనిషి ఉంటాడన్న సంగతి ఆ వాదనలో ఎక్కడో జారిపోయింది. 2016లో ఫ్లోరిడాలో ఆటోపైలట్ అనే డ్రైవింగ్ సాయం మీద వెళ్తున్న టెస్లా కారు, అడ్డంగా తిరుగుతున్న ట్రక్కు కిందికి దూసుకెళ్లి డ్రైవరు చనిపోయాడు. తెల్లటి ట్రైలర్, వెనక మెరిసే ఆకాశం, రెండిటికీ తేడా తెలియలేదన్నది కంపెనీ అప్పట్లో చెప్పిన మాట. ఎదురెండ, పొగమంచు, దుమ్ము ఉన్నప్పుడు ఈ పద్ధతి ఎలా నడుస్తోందని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2024లో దాదాపు 24 లక్షల టెస్లాల మీద విచారణ మొదలుపెట్టింది.

ఇంతవరకు వింటే లేజర్ గెలిచినట్టే ఉంటుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అయితే 2018 మార్చిలో అరిజోనాలోని టెంపీలో సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి చంపిన ఉబర్ ప్రయోగ వాహనానికి లైడార్ ఉంది. ఆమెను ఐదు సెకన్లకు ముందే గుర్తించింది కూడా. గుర్తించి ఏం చేసింది? ఒకసారి వాహనం అంది, ఒకసారి ఇంకేదో వస్తువు అంది, ఒకసారి సైకిల్ అంది. పేరు మారినప్పుడల్లా ఆమె ఎటు వెళ్తుందన్న లెక్క మళ్లీ మొదటికొచ్చింది. జీబ్రా గీతలు లేని చోట మనిషి రోడ్డు దాటుతాడన్న ఊహే ఆ ప్రోగ్రాంలో లేదని దర్యాప్తులో తేలింది. మన దగ్గర గీతలున్న చోట దాటేవాళ్లెవరు! కాపలాకి కూర్చోబెట్టిన ఆపరేటర్ ఆ సమయంలో ఫోన్ చూస్తున్నారు.

కాబట్టి లేజరా కెమెరానా అన్న పంచాయితీ నాకిప్పుడు రెండో ప్రశ్న. మొదటిది: తేడా జరిగితే జవాబు ఎవరిది? ఇక్కడ రెండు బండ్లకీ పోలికే లేదు. వేమోలో నేను వెనక సీట్లో సరుకును మాత్రమే, నడిపిన తప్పు నా మీదికి రాదు. జనం కొని నడుపుకుంటున్న టెస్లాలో బండి నడుస్తున్నా డ్రైవర్ని నేనే. 'పూర్తి స్వయంచాలనం' అని పేరు పెట్టి, పక్కనే 'పర్యవేక్షణలో' అని తగిలించారు. నిద్రపోవచ్చని మంచం వేసి, కన్ను మూస్తే తప్పు నీదేనన్నట్టుంది. వందసార్లు సరిగ్గా చేసే యంత్రాన్ని నూటొకటోసారి కోసం రెప్పవాల్చకుండా కాపలా కాయడం మనిషి వల్ల కాదు. టెంపీలో జరిగింది అదే. ఫ్లోరిడాలో 2019లో జరిగిన ఇంకో ప్రమాదంలోనూ, ఆటోపైలట్ ఉంది కదా అని కింద పడ్డ ఫోన్ కోసం వంగాడు డ్రైవరు. 2025 ఆగస్టులో మయామీ జ్యూరీ అందులో మూడో వంతు తప్పు టెస్లాదేనని తేల్చి, 24 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అప్పీలుకు వెళ్తామంది కంపెనీ. ముంబైలో షోరూం తెరిచినప్పుడు ఇదే ప్యాకేజీకి 6 లక్షలు అదనం అని జాబితాలో పెట్టారు. నన్నడిగితే ఆ ఆరు లక్షలు బ్యాంకులో ఉంచుకోండి.

వేమోను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆగి ఉన్న స్కూలు బస్సుల్ని దాటి వెళ్లిపోయిన ఘటనలతో 2025 డిసెంబరులో సాఫ్ట్‌వేర్ రీకాల్, అంటే లోపం దిద్దే పని, చేయాల్సి వచ్చింది. అదే నెలలో శాన్ ఫ్రాన్సిస్కోలో పెద్దఎత్తున కరెంటు పోయి సిగ్నళ్లు ఆరిపోతే, బండ్లు కూడళ్లలో నిలబడిపోయాయి. ఆరిన సిగ్నల్ దగ్గర ఏం చేయాలో వాటికి తెలుసు. కానీ ఒకసారి దూరాన కూర్చున్న మనుషుల్ని అడిగి ధ్రువీకరించుకుందామని అన్నీ ఒకేసారి అడగడంతో అక్కడ క్యూ కట్టింది. డ్రైవరు లేని బండి వెనక కూడా ఎక్కడో కుర్చీలో మనిషి ఉన్నాడని ఆ రాత్రి ఊరంతటికీ తెలిసింది. మన దగ్గర సిగ్నల్ పోతే హోంగార్డు వస్తాడు. హోంగార్డు రాకపోతే పాన్‌డబ్బా ముందు నిలబడ్డ పెద్దమనిషెవరో టవలు భుజానేసుకుని రోడ్డు మధ్యకొచ్చి ట్రాఫిక్ విడదీస్తాడు. ఆయన చేతి సైగ ఏ నిఘంటువులోనూ ఉండదు.

లెక్కల్లో వేమోకి మంచి మార్కులే ఉన్నాయి. 5.67 కోట్ల మైళ్ల మీద కంపెనీ పరిశోధకులు చేసిన అధ్యయనం, అవే ఊళ్లలో మనుషులు నడిపే బండ్లతో పోలిస్తే తీవ్ర గాయాల ప్రమాదాలు 85 శాతం తక్కువంది. కంపెనీ తనకు తానే దిద్దుకున్న పేపరు అనొచ్చు గానీ, పద్ధతి దాచలేదు. అయితే మరణాల విషయంలో మనిషి కంటే అధ్వానం కాదని రుజువు చేయాలంటే ఒక్క మరణమూ లేకుండా 27.5 కోట్ల మైళ్లు నడవాలని అమెరికా పరిశోధన సంస్థ రాండ్ 2016లో లెక్కగట్టింది. ఆ అధ్యయనం అందులో ఐదో వంతుకి కాస్త పైన. అందుకే "మనిషి కంటే మేలు" అని పతాక శీర్షిక వేసేవాళ్లను ఇంకా నమ్మను. "గాయాల్లో మేలులా కనిపిస్తోంది, ఆ ఊళ్లలో" అంటే నమ్ముతాను.

జనరల్ మోటార్స్ వాళ్ల డ్రైవర్ లేని ట్యాక్సీ కంపెనీ క్రూజ్ కథ కూడా జవాబుదారీ కథే. 2023 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో వేరే కారు గుద్దితే ఎగిరొచ్చి తన ముందు పడ్డ మహిళను ఢీకొట్టి, ఆగి, ఆ తర్వాత పక్కకు తీద్దామని ఆమెను ఇరవై అడుగులు ఈడ్చింది క్రూజ్ బండి. బండి చేసిన తప్పు కంటే, దాని గురించి తప్పుడు నివేదిక ఇవ్వడమే కంపెనీని ముంచింది. 5 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. 2024 చివర్లో జనరల్ మోటార్స్ ఆ రోబోట్యాక్సీ వ్యాపారానికే డబ్బు ఆపేసింది.

సందేహించేవాళ్లలో నాకు నచ్చిన మనిషి రాడ్నీ బ్రూక్స్. స్వయానా రోబోలు చేసినాయన. 2018 జనవరి 1న తన అంచనాలను తేదీలతో సహా రాసిపెట్టి, ఏటా తానే మార్కులు వేసుకుంటున్నాడు. అవతల మస్క్ 2020కల్లా పది లక్షల రోబోట్యాక్సీలన్నాడు. 2025 జూన్‌లో ఆస్టిన్‌లో మొదలైనవి కొన్నే, అదీ ముందు సీట్లో కంపెనీ మనిషిని కూర్చోబెట్టి. తేదీల పందెంలో సందేహులే గెలిచారు. ఎప్పటికీ రాదన్నవాళ్లు మాత్రం చాండ్లర్ టికెట్టు కొనుక్కోవాలి.

ఇక మా బావమరిది. అతని పక్షాన గడ్కరీ ఉన్నారు. డ్రైవర్ల పొట్ట కొట్టే బండ్లను దేశంలోకి రానివ్వనని 2017లోనూ 2023లోనూ చెప్పారు. నాకు ఆ కారణం కంటే లెక్కల కారణమే గట్టిగా కనిపిస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో డ్రైవరు గంట కూలీ ఖరీదు, ఇక్కడ అంత ఖరీదైన యంత్రాన్ని పెట్టి మిగుల్చుకునేదేమీ లేదు. అలాగని మనవాడు గొప్పగా నడుపుతున్నాడని కాదు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ఇక్కడ డ్రైవర్ని తీసేసే యంత్రం కంటే, డ్రైవరు కునుకు తీస్తే బ్రేకు వేసే యంత్రం లారీకీ బస్సుకీ ముందు కావాలి. మా కారులోనూ అలాంటి సాయం ఉంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ముచ్చటగా పనిచేస్తుంది. పటాన్‌చెరు దగ్గర దిగామా, గీతలు కనబడక మూగబోతుంది, లేకపోతే పక్కన దూరిన ఆటోని చూసి కీచుమంటుంది. అయినా ఉంచుకున్నాను, ఒకరోజు పనికొచ్చింది.

పని జరగట్లేదని కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద బండి తిప్పి, యంత్రాలకు మన రోడ్లు నేర్పడానికి పదివేల చిత్రాల సమాహారం తయారుచేశారు. అందులో ఆటోకి విడిగా పేరుంది. రోడ్డు కాకపోయినా బండ్లు తొక్కుకుంటూ పోయే పక్కమట్టికి కూడా ఒక వర్గం పెట్టారు. ఎంత మన ఊరి ఆలోచన! సంగారెడ్డి దారిలో కందిలోని ఐఐటీలో తిహాన్ అని డ్రైవర్ లేని వాహనాల పరీక్షా క్షేత్రం ఉంది. క్యాంపస్ లోపల బస్సులు నడుపుతున్నారు. గిరి గీసుకున్న చోట లేజర్ పద్ధతి పనికొస్తుందనడానికి అదే సాక్ష్యం. క్యాంపస్, ఎయిర్‌పోర్టు, గనులు, ఇలాంటి చోట్ల నా ఓటు దానికే. గేటు బయట, ముంబై హైవే మీద, ఇంకా చాలా ఏళ్లు మా బావమరిదికే, బ్రేకు సాయంతో.

ఇదంతా మొన్న అతనికి చెప్పాను. యాసంగి కోతలప్పుడు. ఊరి రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నారు. చీకటి పడుతోంది, కుప్పల మీద నల్ల టార్పాలిన్లు కప్పుతున్నారు. ఎదురుగా ట్రాక్టరు. అతను బండి పక్కకు తీసి ఆపాడు. రాళ్లు తగలకుండా, టైరు అంచు కూడా వడ్ల మీద పడకుండా.

"బావా, ఆ లేజర్‌కి ఇవి కనబడతయా?"

"రాళ్లు కనబడతాయి. వడ్లు కూడా కనబడొచ్చు."

"కనబడితే ఏమనుకుంటది? మెత్తగుంది, పోనియ్యొచ్చు అనుకుంటదా?"

ట్రాక్టరు దాటిపోయింది. అతను ఫస్ట్ గేరు వేశాడు.