ఆంబుల్‌సైడ్: గొంతులు దాచుకున్న ఊరు

ఇంగ్లండ్‌లోని సరస్సుల ప్రాంతమైన లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లిన తెలుగువారు విండర్‌మియర్ సరస్సులో పడవ ఎక్కి, నాలుగు ఫొటోలు దిగి, సాయంత్రానికి తిరిగి వచ్చేయడం మాంచెస్టర్‌లో ఉంటున్న మాకు బాగా తెలిసిన సంగతే. మేమూ రెండుసార్లు అలాగే వచ్చేశాము. ఈసారి మంగళగిరి నుంచి అమ్మ వచ్చింది కనుక, సరస్సు ఉత్తరపు కొసన ఉన్న ఆంబుల్‌సైడ్ అనే చిన్న ఊళ్లో రెండు రాత్రులు ఉండి, ఆ ఊరి చరిత్రను తీరిగ్గా చూడాలనుకున్నాము. అందుకు కారణం అక్కడి మౌఖిక చరిత్ర బృందం. 1976 నుంచి ఆ ఊరి స్వచ్ఛంద కార్యకర్తలు పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, బడి, పలక రాయి గనులు, హోటళ్లలో చాకిరీ, యుద్ధకాలం గురించి వారు చెప్పిన మాటలను టేపుల మీద నమోదు చేస్తూ వచ్చారు. అలాంటి సంభాషణలు వందల్లో ఉన్నాయి. వాటి అక్షరరూపాలు కొన్ని ఇంటి దగ్గరే చదివి వెళ్లడం వల్ల మాకు ఎంతో ఉపకారం జరిగింది.

రైలు విండర్‌మియర్ దాకానే వెళుతుంది. 1847లో వచ్చిన ఈ మార్గాన్ని కవి వర్డ్స్‌వర్త్ 1844లోనే గట్టిగా వ్యతిరేకించాడు. పట్టాలు ఆంబుల్‌సైడ్‌కు ఎన్నడూ చేరలేదు కనుక స్టేషన్ బయట 555 గాని 599 గాని బస్సు ఎక్కాలి. పైకప్పు లేని 599 మేడ మీద కూర్చుంటే సరస్సు బాగా కనిపిస్తుంది, అయితే చెట్ల కొమ్మలు తలకు తగులుతాయేమోనని అమ్మ దారి పొడుగునా వంగే కూర్చుంది.

బస విషయంలో మాత్రం పొరపాటు చేశాము. మేము దిగిన గెస్ట్ హౌస్ శుభ్రంగానే ఉంది, కాని గది మూడో అంతస్తులో ఉందనీ, మెట్లు ఇరుకనీ, లిఫ్ట్ లేదనీ బుక్ చేసేటప్పుడు ఎక్కడా చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవారు కింది గది కావాలని ముందే ఫోన్‌లో అడిగి ఖాయం చేసుకోవాలి. శాకాహారులకు ఉదయం పుట్టగొడుగులు, బీన్స్, టోస్ట్ తప్ప మరేమీ దొరకలేదు. అమ్మ తెచ్చిన గోంగూర పచ్చడి మమ్మల్ని ఆదుకుంది. రాత్రి భోజనానికి అలాంటి ఇబ్బంది రాలేదు, ఎందుకంటే సినిమా హాలుతో కలిసి నడిచే జెఫిరెల్లీస్ అనే పూర్తి శాకాహార భోజనశాల ఊరి మధ్యలోనే ఉంది.

ఊళ్లో అందరూ ఫొటో తీసుకునేది స్టాక్ గిల్ వాగు మీద నిలిచిన బ్రిడ్జ్ హౌస్‌ను. అవతలి ఒడ్డు తోటకు దారిగానూ, ఆపిల్ పళ్ల కొట్టుగానూ 17వ శతాబ్దంలో కట్టిన ఈ రెండు గదుల ఇంట్లో ఒకప్పుడు ఒక కుటుంబం పిల్లలతో సహా కాపురం చేసింది. 1926లో ఇది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. లోపల చూడవలసింది ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నాకు వాగే ఎక్కువ నచ్చింది. ఒకప్పుడు దీని నీటి బలంతో పిండి మరలు, ఉన్ని బట్టను దట్టం చేసే మరలు, లాంకషైర్ నూలు మిల్లులకు చెక్క బాబిన్లు చేసే మరలు నడిచేవి. బాబిన్లంటే ఏమిటో చెప్పగానే, పుట్టింట మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన అమ్మ, "అంటే కండెలేగా!" అంది.

టికెట్ డబ్బులకు పూర్తి న్యాయం జరిగింది ఆర్మిట్ మ్యూజియంలోనే. మేరీ లూయిసా ఆర్మిట్ ఆలోచనతో ఏర్పడి 1912లో గ్రంథాలయంగా తెరుచుకున్న ఈ చోట, బియాట్రిక్స్ పాటర్ తాను వేసి ఇచ్చిన పుట్టగొడుగుల నీటి రంగుల చిత్రాలు ఉన్నాయి. కుందేళ్ల కథలతో పేరుపొందిన ఆమె ఒక పుట్టగొడుగు కాడను నిలువునా కోసినట్టు, గొడుగు అడుగున ముడతలు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా వేసింది. నాజీల నుంచి పారిపోయి వచ్చిన జర్మన్ చిత్రకారుడు కుర్ట్ ష్విట్టర్స్ బొమ్మలు కూడా ఇక్కడ ఉన్నాయి. 1945లో ఈ ఊరు చేరిన ఆయన కొద్దిపాటి డబ్బుకు స్థానికుల ముఖచిత్రాలు వేస్తూ 1948 జనవరిలో కన్నుమూశాడు. గ్రంథాలయంలో పాత కాగితాలు చూడాలనుకునేవారు ముందుగా అడిగి వెళ్లడం మంచిది.

సెయింట్ మేరీస్ చర్చికి రుసుము లేదు. యుద్ధకాలంలో లండన్ నుంచి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ ఈ ఊరికి తరలివచ్చి, విద్యార్థులు ఇక్కడి హోటళ్లలోనే ఉండి చదువుకున్నారు. వారిలో ఒకరైన గోర్డన్ రాన్సమ్ 1944లో 26 అడుగుల పొడవున వేసిన కుడ్యచిత్రంలో 62 మంది మనుషులు రష్‌బేరింగ్ అనే తుంగగడ్డి పండుగ ఊరేగింపులో నడుస్తుంటారు. చర్చి నేల మట్టిదైన రోజుల్లో ఏటేటా తుంగగడ్డి తెచ్చి పరిచేవారు. నేల రాయిగా మారినా పండుగ మాత్రం నిలిచి, ఇప్పటికీ జూలైలో జరుగుతోంది. "మనం పండక్కి అలికినట్టన్నమాట" అంటూ అమ్మ ఆ చిత్రం ముందు చాలాసేపు నిలబడింది.

తిరుగు ప్రయాణంలో ట్రౌట్‌బెక్ బ్రిడ్జ్ దగ్గర దిగాము. సండర్‌లాండ్ నీటివిమానాల కర్మాగారపు కార్మికులకు యుద్ధకాలంలో ఇక్కడ కాల్‌గార్త్ కాలనీ కట్టారు. ఆ కర్మాగారంలో తయారైనవి 35 విమానాలు. 1945 ఆగస్టులో, నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన 300 మంది యూదు పిల్లలను ప్రేగ్ నుంచి విమానాల్లో తెచ్చి ఈ కాలనీలోనే ఉంచారు. ఇళ్లు ఇప్పుడు లేవు, ఆ చోట ఒక బడి ఉంది, గేటు బయటి నుంచే చూసి వచ్చేశాము. ఆ పిల్లలు పెద్దయ్యాక చెప్పిన జ్ఞాపకాలు, ఫొటోలు విండర్‌మియర్ గ్రంథాలయంలో ప్రదర్శనగా పెట్టారు. మేము దానికి అరగంటే కేటాయించి పొరపాటు చేశాము. రైలు వేళ ముంచుకొచ్చి సగం బోర్డులు చదవకుండానే స్టేషన్‌కు పరుగెత్తవలసి వచ్చింది. మీరు వెళితే పడవ టికెట్ మానుకునైనా అక్కడ రెండు గంటలు ఉంచుకోండి.