శ్రీకాకుళంలో చూపు తక్కువ పిల్లల ఆదివారం సెంటర్: తొమ్మిది నెలలు వెళ్ళాక

ఆమదాలవలసలో నాది సెల్ రిపేరు షాపు. నెలకి ఇద్దరో ముగ్గురో ఒకే కంప్లైంటుతో వస్తుంటారు. "బాబూ, ఫోను దానంతటదే మాటాడతంది. ఏటి ముట్టుకున్నా సదివేస్తంది. దెయ్యం పట్టినట్టుంది." చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కితే అది ఆగిపోతుంది. జేబులో ఆ బటన్లే నొక్కుకుపోయి ఆన్ అయి ఉంటుంది, అంతే. నేను ఫోన్ని కౌంటర్ కిందకి దించి, వాళ్ళకి కనబడకుండా నొక్కేసి, ఇంకాసేపు ఏదో గెలికినట్టు నటించి 50 రూపాయలు తీసుకునేవాణ్ణి. దాని పేరు టాక్‌బ్యాక్ అని తెలుసు. ఎవరి కోసం పెట్టారో ఎన్నడూ ఆలోచించలేదు. మా పాపకి చూపు తగ్గిపోతోందని తెలిశాక కూడా రెండేళ్ళ పాటు ఆ ఊసే తట్టలేదు.

ఆ బుద్ధి వచ్చింది ఈ సెంటర్‌లోనే. ఒక చిన్న ట్రస్టు వాళ్ళు అద్దె ఇంటి మేడ మీద నడుపుతున్నారు. ఆదివారం పదింటి నుంచి ఒంటిగంట దాకా. హైస్కూలు, ఇంటర్, డిగ్రీ పిల్లలు వస్తారు. తల్లో తండ్రో కూడా కూర్చోవాల్సిందే, దింపేసి వెళ్ళిపోతామంటే కుదరదు. పైసా తీసుకోరు. పేరు రాయట్లేదు. ఓసారి ఎవరో వాట్సాప్‌లో నంబర్ పెడితే పెన్షన్ ఇప్పిస్తారనుకుని రోజుకి వంద ఫోన్లు వచ్చాయట. పైగా కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి ఇలాగే బాగుంది.

మా పాప ఇంటర్ ఫస్టియర్, సీఈసీ. జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోజా. మొదట రేచీకటిలా వచ్చింది. కరెంటు పోతే గోడ పట్టుకుని నిలబడిపోయేది. తర్వాత పక్క చూపు పోతూ వచ్చింది. ఇప్పుడు పైపులోంచి చూసినట్టే. పేపర్లో సన్నక్షరాలు చదువుతుంది, కాళ్ళ దగ్గరున్న పీట కనబడదు. దీనివల్ల పడ్డ మాటలు అన్నీ ఇన్నీ కావు. "పుస్తకం చదవడానికి కళ్ళుంటాయి, బిందె తేవడానికి ఉండవా?" అని ఒకసారి నేనే అన్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

సర్టిఫికెట్ దగ్గరా అదే పేచీ. సచివాలయంలో సదరం (వికలాంగుల సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష) స్లాట్ బుక్ చేసుకుని వెళ్తే, అక్షరాల బోర్డు చదివించి "బాగానే చదువుతోంది కదయ్యా" అని పంపేశారు. సెంటర్ మేడమ్ విని, పక్క చూపు కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేయించారా అని అడిగారు. ఎవరూ చేయలేదు. 2016 వికలాంగుల చట్టం ప్రకారం అక్షరాలు ఎంత బాగా చదివినా సరే, చూపు పరిధి 40 డిగ్రీల కంటే తక్కువుంటే లో విజన్ అట, 10 డిగ్రీల లోపైతే అంధత్వమేనట. ఆ ముక్క చట్టంలో ఉన్నది ఉన్నట్టు ప్రింటు తీసి చేతికిచ్చారు. టెస్టు చేయించి, రిపోర్టుకి ఆ కాగితం పిన్ను కొట్టి మళ్ళీ వెళ్ళాం. రెండోసారి ఎవరూ మారుమాట్లాడలేదు. సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన ఉంటే పరీక్షకి స్క్రైబ్ని, అంటే మనం చెబితే రాసిపెట్టే మనిషిని, అడగొచ్చు, గంటకి 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. నాకు ఆ ఒక్క ప్రింటు కాగితం చాలు, ఈ సెంటర్‌కి ఎన్ని మార్కులైనా వేస్తాను.

ఇక ఫోన్ క్లాసు. చెప్పే సారుకి బొత్తిగా చూపు లేదు, వయసు పాతికుంటుందేమో. మొదటి రోజు నన్నడిగారు.

"మీరేం చేస్తుంటారండీ?"

"సెల్ షాపండి."

"అయితే టాక్‌బ్యాక్ మీకు బాగా తెలిసుండాలే."

"తెలుసండి. ఆపడం తెలుసు."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత నా ఫోనే తీసుకుని, టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర నల్లగా చేసేసి నా చేతికిచ్చి "మీ ఆవిడకి ఫోన్ చేయండి" అన్నారు. ఒకసారి తాకితే పేరు చదువుతుంది, రెండుసార్లు టకటకమంటే తెరుచుకుంటుంది, జరపాలంటే రెండు వేళ్ళు కావాలి. ఇంతే సూత్రం. రోజూ పది ఫోన్లు విప్పి బిగించేవాణ్ణి, చెమటలు పట్టాయి. ఏడు నిమిషాలయ్యాక ఫోనైతే వెళ్ళింది గానీ, మా ఆవిడకి కాదు, విశాఖలో డిస్‌ప్లేలు పంపే డీలర్‌కి. ఆదివారం పొద్దున్నే పాత బాకీ కట్టడానికి చేశాననుకున్నాడు పాపం.

సారు ఫోన్ మాట్లాడే వేగం వింటే చాటలో పెసలు పోసినట్టుంటుంది. ఒక్క ముక్క అందదు. ఆయన అందులోనే వాట్సాప్ చదువుకుంటూ మనతో కబుర్లాడతారు. పాపని కూడా చూపున్నప్పుడే నేర్చుకోమన్నారు. పోయాక దుఃఖమూ కొత్త విద్యా ఒకేసారి మోయలేరని. మొదట్లో మొండికేసింది. ఇప్పుడు రాత్రి పడుకుని తెర ఆర్పేసి పాఠాలు వింటుంటే కళ్ళు మంటెత్తడం తగ్గిందంటోంది. ఒక చిక్కు ఉంది. కాలేజీలో నోట్సు ఫొటోలు తీసి గ్రూపులో పడేస్తారు, టాక్‌బ్యాక్ దాన్ని ఫొటో అని చెప్పి ఊరుకుంటుంది. ఆ పేజీలు టైపు చేసిపెట్టడానికి డిగ్రీ కుర్రాళ్ళు నలుగురు వస్తారు. పరీక్షల ముందు వాళ్ళూ రారు, వాళ్ళకీ పరీక్షలే మరి.

బ్రెయిలీ కూడా ఉంది, పాప దాంట్లో ఇంకా పలక దశే. పలక మీద చుక్కలు పొడిచేటప్పుడు కుడి నుంచి ఎడమకి పొడవాలి, కాగితం తిప్పితే ఎడమ నుంచి చదవొచ్చు. గుణింతాలుండవు, కా రాయాలంటే క పక్కన ఆ. ఒత్తులూ ఉండవు. అమ్మ అనడానికి అ, పొల్లు గుర్తు, మ, ఇంకో మ. పాప పొడిచిన మొదటి అమ్మని మా ఆవిడ బీరువాలో దాచుకుంది.

తెల్ల కర్ర దగ్గర మాత్రం ఇంట్లో యుద్ధమే. నాలుగు ముక్కలుగా మడిచే కర్ర, లోపల రబ్బరు తాడు. నేల మీద నిలబెడితే రొమ్ము ఎముక దాకా రావాలని కొలిచి ఇచ్చారు. కుడికాలు వేసేటప్పుడు కర్ర కొస ఎడమ పక్క తాకాలి, ఎడమకాలు వేస్తే కుడి పక్క. మా అమ్మ చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మా! ఆడగుంటకి కర్రేటిరా? ఊరోలు సూస్తే రేపు ఎవుడు సేసుకుంటాడు దాన్ని?" అరసవల్లి దేవుడికి వెండి కళ్ళు మొక్కుకున్న మనిషి. మార్చిలోనూ అక్టోబర్‌లోనూ స్వామి పాదాల మీద ఎండ పడే రోజుల్లో వరసగా తీసుకెళ్ళింది మనవరాల్ని. ఇప్పుడు ఒప్పందం ఏమిటంటే పగలు కర్ర బ్యాగులో, చీకటి పడితే చేతిలో.

నేను నేర్చుకున్నది ఇంకొకటి. ఇన్నాళ్ళూ పాప చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేవాణ్ణి. అలా కాదట. మన మోచేతికి పైన వాళ్ళు పట్టుకోవాలి, అరడుగు వెనక నడవాలి. మెట్టు వస్తే మన చెయ్యే చెబుతుంది.

నెలలో రెండో ఆదివారం పెద్దవాళ్ళ మీటింగ్. టీ, నాలుగు బిస్కెట్లు, ఒక కౌన్సిలర్. నేను మొదట్లో బయట మెట్ల మీదే కూర్చునేవాణ్ణి. మాది మేనరికం, మా అమ్మే పట్టుబట్టి తన అన్న కూతుర్ని చేసింది. పాప సంగతి తెలిశాక నీ వల్లేనని మాటలు పడింది మాత్రం మా ఆవిడ. కౌన్సిలర్ పేపర్ మీద గీసి చూపించారు. మా పాపకి వచ్చిన రకంలో లోపం తల్లి దగ్గరా తండ్రి దగ్గరా చెరొకటి దాగుంటుంది, రెండూ కలిస్తేనే జబ్బు, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గరి చుట్టాలైతే ఇద్దరి దగ్గరా అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. అంటే నా వాటా సగం. ఆ కాగితం ఇంటికి తెచ్చి మా అమ్మ ముందు పెట్టాను. చదువు రాదు కాబట్టి బొమ్మ చూసింది. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి మా ఆవిణ్ణి ఆ మాట అనడం మానేసింది.

ఇక తిట్లు. మొదటిది మెట్లు. చీకట్లో కనబడని పిల్లలు వచ్చే చోట మెట్ల దారిలో బల్బు లేదు! తొమ్మిది నెలల్లో మూడుసార్లు చెప్పాను, ఓనర్‌తో మాట్లాడుతున్నాం అంటారు. మొన్న నేనే ఒక ఎల్ఈడీ బల్బు తీసుకెళ్తే, హోల్డరే లేదు.

రెండోది డిసెంబరు 3, వికలాంగుల దినోత్సవం. దాతలు వచ్చారు, ఇరవై మంది పిల్లలకి తలా ఒక దుప్పటి. వరసలో నిలబెట్టి ఫొటోలు. బొత్తిగా చూపు లేని ఒక పిల్లాడు గోడ వైపు తిరిగి నవ్వుతున్నాడు, ఎవరో నవ్వమన్నారని. ఫొటోగ్రాఫర్ వచ్చి వాడి గడ్డం పట్టుకుని ఇటు తిప్పాడు, బొమ్మ తల తిప్పినట్టు. వాడి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నేను మేడమ్‌తో గట్టిగానే మాట్లాడాను. దాతలు లేకపోతే అద్దె ఎవరు కడతారండీ అన్నారావిడ. నిజమే. అయినా పిల్లాడికి ముందు చెప్పి తిప్పొచ్చు కదా. వచ్చే ఏడు ఫొటోకి తల్లిదండ్రుల సంతకం తీసుకుంటామన్నారు. చూడాలి.

మూడోది ఆదివారం. అరసవల్లికి భక్తులు పోటెత్తేది కూడా ఆదివారమే. డే అండ్ నైట్ జంక్షన్‌లో దిగాక ఆటోలన్నీ గుడికే, మన వైపు పిలిస్తే మొహం తిప్పుకుంటారు.

ఐదుకి నాలుగు ఇస్తాను. బల్బు పెడితే నాలుగున్నర.

వెళ్ళేవాళ్ళు తొమ్మిదిన్నరకల్లా జంక్షన్‌లో ఉండండి. సదరం కాగితాలు, కళ్ళ రిపోర్టులు అన్నీ జిరాక్సులతో సహా పట్టుకెళ్ళండి. పిల్లల ఫోనుతో పాటు మీ ఫోనూ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకోండి, సారు దాన్ని కూడా నల్లగా చేసేస్తారు. ఇంకా, మెట్ల కోసం ఒక టార్చి.

షాపులో టాక్‌బ్యాక్ ఆపమని వచ్చేవాళ్ళని ఇప్పుడు ఒక మాట అడుగుతున్నాను, ఇంట్లో ఎవరికైనా చూపు ఆనదా అని. మొన్న నిమ్మాడ నుంచి వచ్చినాయన కాసేపు ఆలోచించి, ఆపకు బాబూ అని ఫోన్ అలాగే పట్టుకెళ్ళాడు, తల్లికి చూపిస్తానని.